సీమ కుర్రవాడు తెరమీద ఎందుకు ప్రేమలో పడడు?

కర్నూలులో కొండారెడ్డి బురుజు వైపు సాయంత్రం నడకకు వెళ్లేవాళ్లకు జీతం లేని ఉద్యోగం ఒకటి అంటుకుంటుంది. వచ్చిపోయేవాళ్లకు ఫోటోలు తీసిపెట్టడం. మొన్న ఒక జంట నన్ను ఆపి ఫోను చేతిలో పెట్టారు. అబ్బాయి బురుజుకు వీపు పెట్టి నిలబడి, ఒక కాలు ముందుకు వేసి, దవడ బిగించి, కళ్లు ఉరిమినట్టు పెట్టాడు. అమ్మాయి పక్కకు తిరిగి చూసింది. "కాస్త నవ్వు. మా నాయనను పిల్లనడగడానికి వచ్చినట్టు లేదు, నరకడానికి వచ్చినట్టుంది" అంది. అతను దవడ వదలకుండానే, "బురుజు ముందర నవ్వితే ఏం బాగుంటుంది? మీరే చెప్పండక్కా" అన్నాడు నాతో.

ఆ మొహం అతనిది కాదు. 2003 సంక్రాంతికి 'ఒక్కడు' వచ్చినప్పటి నుంచి ఈ బురుజు ముందు నిలబడిన ప్రతి కుర్రవాడికీ ఆ మొహం ఊరికే వచ్చేస్తోంది. తమాషా ఏమిటంటే ఆ సినిమాలో అమ్మాయి మనసు గెలుచుకున్నవాడు కర్నూలువాడు కాదు. కబడ్డీ ఆడటానికి హైదరాబాదు నుంచి వచ్చినవాడు. కర్నూలువాడు ప్రతినాయకుడు. మరి ఈ అబ్బాయి తన ప్రేయసి పక్కన నిలబడి ఎవరి మొహం తొడుక్కున్నట్టు?

సినిమాల్లో వైవిధ్యం, ప్రాతినిధ్యం అనే చర్చ చాలాసార్లు లెక్కల దగ్గర మొదలై లెక్కల దగ్గరే ఆగిపోతుంది. ఎంతమంది కనిపించారు, ఎంతసేపు కనిపించారు అని. ఆ లెక్క ప్రకారం రాయలసీమకు ఫిర్యాదు చేసే హక్కే లేదు. 1999లో 'సమరసింహా రెడ్డి', 2001లో 'నరసింహనాయుడు', 2002లో 'ఇంద్ర' అని వరసగా వచ్చిన కాలంలో తెలుగు తెరమీద సీమ కనిపించినంతగా మరే ప్రాంతమూ కనిపించి ఉండదు. కనిపించడానికేం, కావలసినంత కనిపించాం. ప్రేమించడానికి పనికొచ్చే మనుషులుగా కనిపించామా అన్నదే నా సందేహం. దానికి జవాబు వెతకడానికి రొమాంటిక్ కామెడీకి మించిన చోటు లేదు. ఎందుకో చెబుతాను.

వీరగాథలో నాయకుడు గెలవాలి. ప్రేమహాస్యంలో నాయకుడు ముందు తప్పు చేయాలి. అబద్ధమాడాలి, తడబడాలి, అమ్మాయి ఇంటి అరుగు మీద జారిపడాలి, రాసిన ఉత్తరం వాళ్ల నాన్న చేతికి చిక్కాలి. ఇదంతా చూసి కూడా మనం అతన్ని క్షమించాలి, ఆమెతో పాటు. వీరుడికి మన క్షమతో పనిలేదు, ప్రేమికుడు దానిమీదే బతుకుతాడు. కాబట్టి ఎవరి తెలివితక్కువతనాన్ని సమాజం ముద్దుగా చూడగలదో వాళ్లకే ఈ కథల్లో చోటు దొరుకుతుంది. మిగతావాళ్లకు హీరో స్నేహితుడి వేషమో, ఆటోవాడి వేషమో, అమ్మాయి అన్న వేషమో మిగులుతుంది. ఒక కాలంలో ఎవరెవరిని 'మనలాంటివాళ్లు' అనుకున్నామో తెలియాలంటే ఆ కాలపు ప్రేమహాస్యాలు చూస్తే చాలు.

1955లో వచ్చిన 'మిస్సమ్మ'నే తీసుకోండి. ఉద్యోగం కోసం భార్యాభర్తలమని అబద్ధం చెప్పిన ఇద్దరు నిరుద్యోగ పట్టభద్రులు. అతను హిందువు, ఆమె మేరీ, క్రైస్తవురాలు. ఆ రోజుల్లో అది మామూలు సాహసం కాదు. సినిమా నడిచినంతసేపూ మతం అనే అడ్డుగోడ మీద చక్కిలిగింతలు పెడుతూనే ఉంటారు. తీరా గోడ దూకవలసిన చోటుకు వచ్చేసరికి మేరీ పాదం మీద పుట్టుమచ్చ బయటపడుతుంది. ఆమె మేరీ కాదు, జమీందారు దంపతులు చిన్నప్పుడు పోగొట్టుకున్న మహాలక్ష్మి. మతాంతర వివాహం జరగాల్సిన చోట సొంత కూతురు ఇంటికి తిరిగొచ్చిన సంబరం జరుగుతుంది. గోడ దూకలేదు, గోడే లేదని తేల్చేశారు. నాకు ఎన్నిసార్లు చూసినా విసుగురాని సినిమా అది. ఆ పుట్టుమచ్చ మీద మాత్రం కోపం పోదు.

ఆ తర్వాత 67 ఏళ్లకు, 2022లో, 'అంటే సుందరానికీ' వచ్చింది. బ్రాహ్మణ కుర్రవాడు, క్రైస్తవ అమ్మాయి. ఇక్కడా అబద్ధాలే కథకు ఇంధనం, ఇక్కడా నవ్వులే. పుట్టుమచ్చ మాత్రం లేదు. ఎవరూ ఎవరి కూతురుగానూ మారిపోనక్కరలేకుండా కథ ముగుస్తుంది. ఈ ఒక్క తేడా రావడానికి తెలుగు సినిమాకు మూడు తరాలు పట్టింది.

'మిస్సమ్మ' ఊసు తెచ్చానంటే దానికి ఇంకో కారణం ఉంది. ఆ చిత్ర నిర్మాతల్లో ఒకరైన బి. నాగిరెడ్డి కడప జిల్లా పొట్టిపాడులో 1912లో పుట్టినవారు. ఆయన అన్న బి.ఎన్. రెడ్డి 'మల్లీశ్వరి' తీసినవారు, దక్షిణాది నుంచి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకున్న తొలి వ్యక్తి. 'మాయాబజార్' దర్శకుడు కె.వి. రెడ్డిది అనంతపురం జిల్లా తాడిపత్రి. మాయాబజార్‌ను పౌరాణికమని అరలో సర్దేస్తాం గాని, కిరీటాలు తీసి చూడండి. ఆస్తి పోగానే మాట తప్పిన పిల్ల తల్లి, పెళ్లికూతురి స్థానంలోకి దూరిన మరొకడు, మగపెళ్లివారిని ముప్పుతిప్పలు పెట్టిన మేనబంధువులు. అచ్చమైన ప్రేమహాస్యం. తెలుగు తెరమీద ఈ రకం కథకు పునాది వేసిన చేతుల్లో కడప, అనంతపురం చేతులు ఇన్ని ఉన్నాయి. కానీ ఆ కథల్లో సీమ లేదు. మేరీ వెళ్లిన ఊరు అప్పాపురం, శశిరేఖ ఉన్నది ద్వారక, 'మిస్సమ్మ'కు మాటలు రాసిన చక్రపాణి తెనాలివాడు. ఇల్లు కట్టినవాళ్లం మనమే, గృహప్రవేశానికి మాత్రం పిలుపు రాలేదు. అప్పట్లో ఎవరూ దాన్ని లోటు అనుకోలేదు కూడా. మద్రాసులో కూర్చుని అందరికీ చెల్లే తెలుగులో సినిమా తీయడమే ఆనాటి ఆదర్శం. అందరికీ చెల్లే ఆ తెలుగు ఏ జిల్లాల నుంచి వచ్చిందన్న ప్రశ్న తర్వాతి తరాలకు గాని పుట్టలేదు.

సీమ తెరమీదకు సీమగా వచ్చింది 1990లలో. అదీ ప్రేమకథ వెంటబడే వచ్చింది, ఈ సంగతి చాలామంది మరిచిపోతారు. 1997లో వచ్చిన 'ప్రేమించుకుందాం రా'లో హైదరాబాదు కుర్రవాడు సీమకు వస్తాడు, ఫ్యాక్షన్ నాయకుడి కూతుర్ని ప్రేమిస్తాడు. ఆ నాయకుడిగా వేసిన జయప్రకాష్ రెడ్డి అప్పటి కర్నూలు జిల్లా శిరివెళ్లవాడు. అరువు తెచ్చుకున్న యాస కాదు, ఇంట్లో మాట్లాడే మాటే తెరమీద మాట్లాడాడు. జనం అదిరిపోయారు. అక్కడి నుంచి ఒక మూస తయారైంది. అమ్మాయి సీమది. ఆమె తండ్రి, అన్నలు సీమవాళ్లు. అబ్బాయి బయటివాడు, ఎక్కువసార్లు హైదరాబాదువాడు. అతను వస్తాడు, ప్రేమిస్తాడు, ఎదిరిస్తాడు, తీసుకుపోతాడు. 'ఒక్కడు' కూడా ఇదే దారిలో నడిచింది.

అంటే సీమ పిల్లనిచ్చే ఊరే గాని, సీమ అబ్బాయికి పిల్ల దొరకదు. ఆ ఇంటి మగపిల్లలకు ప్రేమించే తీరిక ఉండదు కాబోలు. సుమో తలుపు తీయడం, వేయడంలోనే యవ్వనం గడిచిపోతుంది. అమ్మాయికి ఆ ఊరి మీద ప్రేమ ఉండదు, తప్పించుకుపోవాలన్న ఆరాటం తప్ప. ఊరు అడ్డంకి, హైదరాబాదు విముక్తి.

మాట తీరు గమనిస్తే ఇది ఇంకా స్పష్టంగా వినిపిస్తుంది. ఒకే ఇంట్లో తండ్రి సీమ యాసలో గర్జిస్తాడు, ఆయన పెంచిన కూతురు మాత్రం స్టూడియోలో ఇస్త్రీ చేసిన తెలుగులో మాట్లాడుతుంది. కథానాయిక ముంబయి నుంచో మరెక్కడి నుంచో వస్తుంది, గొంతు డబ్బింగ్ కళాకారిణిది, మాట మాత్రం ఏ ఊరిదీ కాదు. ఇన్నేళ్లలో మా చెవులు దీనికి ఎంత అలవాటు పడ్డాయంటే, మా యాసలో "నువ్వంటే నాకిష్టం" అని తెరమీద ఎవరైనా అంటే ముందు మేమే నవ్వుతామేమో. కోపానికి యాస ఇచ్చారు, ప్రేమకు ఇవ్వలేదు. ఇంట్లో మా అమ్మానాన్నలు ప్రేమగా మాట్లాడుకున్నది ఆ యాసలోనే. మా అవ్వ మనవళ్లను ముద్దుచేసిందీ అందులోనే.

ఇదంతా ఎవరో కక్షగట్టి చేశారని నేననను. దీని వెనక వ్యాపారం ఉంది, దాన్ని అర్థం చేసుకోకుండా తిట్టుకుని లాభం లేదు. సినిమా పంపిణీ లెక్కల్లో మన నాలుగు పాత జిల్లాల పేరు రాయలసీమ కాదు, 'సీడెడ్'. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు గనుక ఇంగ్లిషువాళ్లు పెట్టుకున్న పేరు. 1928లో నంద్యాల సభలో 'ఆ దత్తమండలం పేరు మాకొద్దు, మాది రాయలసీమ' అని పెద్దలు తేల్చుకున్నారు. ఆ కబురు పంపిణీదారుల దాకా ఇంకా చేరినట్టు లేదు.

ఆ వ్యాపార భాషలో సీడెడ్ అంటే మాస్. పోరాటాల సినిమాకు ఇక్కడ మంచి ధర పలుకుతుందని, ప్రేమహాస్యానికి పలకదని కొనేవాళ్ల నమ్మకం. ప్రేమహాస్యం అంటే హైదరాబాదు మల్టీప్లెక్సు, ఆపైన అమెరికా. డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో కథ అక్కడి మనుషుల గురించే నడుస్తుంది. అందుకే మన ప్రేమహాస్యాల్లో అబ్బాయిలు సాఫ్ట్‌వేర్‌లో ఉంటారు, వీసా కోసం ఎదురుచూస్తుంటారు, కాఫీ షాపులో అలుగుతారు. సీమ ప్రేక్షకుడు తనను చూసుకోలేని ఆ కథను పట్టించుకోడు. పట్టించుకోలేదు గనుక సీడెడ్‌లో ప్రేమహాస్యం ఆడదని రుజువైందంటారు. గానుగెద్దు నడిచినట్టు ఈ వాదన అక్కడక్కడే తిరుగుతుంది.

తెలంగాణ యాస విషయంలో ఈ గానుగ ఆగడం మనం చూశాం. ఒకప్పుడు ఆ యాస రౌడీలకు, హాస్యగాళ్లకు కేటాయించినదే. 2014లో రాష్ట్రం వచ్చింది, 2016లో 'పెళ్ళిచూపులు', 2017లో 'ఫిదా' వచ్చాయి. ఫిదాలో బాన్సువాడ పిల్ల భానుమతిగా వేసిన సాయిపల్లవి తన డబ్బింగ్ తానే చెప్పుకుంది. ఆ పిల్ల కోపమూ ప్రేమా ఒకే యాసలో మాట్లాడింది, ఊరు వదలనని మొండికేసింది. రాష్ట్రమంతా ఆమెతో ప్రేమలో పడింది. అయితే తెలంగాణ వెనక రాజకీయ ఉద్యమం ఉంది, రాజధాని ఉంది, నైజాం అనే పెద్ద మార్కెట్టు ఉంది. మాకు వీటిలో ఒకే ఒక్కటి దక్కింది, అదీ మూడేళ్లే. 1953 నుంచి 1956 దాకా కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధాని. తెరమీద యాస మారడమంటే రచయిత మంచితనం ఒక్కటే చాలదని చెప్పడానికి ఈ పోలిక తెచ్చాను.

అలిసన్ బెక్డెల్ అనే అమెరికన్ కార్టూనిస్టు 1985లో ఒక బొమ్మల కథలో సరదాగా ఒక పరీక్ష పెట్టింది. సినిమాలో ఇద్దరు ఆడవాళ్లుండాలి, వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి, ఆ మాట మగవాడి గురించి కాకుండా ఉండాలి. ఇంత చిన్న పరీక్షలోనే ఎన్ని సినిమాలు తప్పాయో లోకం నోరెళ్లబెట్టింది. అదే పద్ధతిలో నేనొక సీమ పరీక్ష తయారుచేసుకున్నాను. కథలో సీమలో పెరిగిన మనిషి ఒకరుండాలి. ఆ మనిషి ప్రేమలో పడాలి. ఆ ప్రేమ కోసం ఎవరినీ నరకకూడదు. మీకు తెలిసిన సినిమాలకు పెట్టి చూడండి, వేళ్లు మిగిలిపోతాయి.

2010 నాటి 'మర్యాద రామన్న' దాదాపు గట్టెక్కుతుంది. నాయకుడు పిరికివాడు, వేసింది సునీల్. అప్పటిదాకా ఎక్కువగా నాయకుడి పక్కన నవ్వించినవాడు, సినిమా కోరుకునే తెల్లటి రంగు లేనివాడు. పగవాళ్ల గడప లోపల ఉన్నంతసేపు ప్రాణభయం లేదు, గడప దాటితే కత్తి. ఆ గడప చుట్టూ అల్లిన హాస్యం గొప్పగా ఉంటుంది. 1923 నాటి బస్టర్ కీటన్ మూకీ చిత్రం నుంచి తెచ్చుకున్న ఆలోచన అది. అమెరికా దక్షిణాది పగల కథ సీమలో ఇంత చక్కగా నాటుకోవడం నాకు ముచ్చటేస్తుంది. కానీ ఒక్క మెలిక ఉంది. రామన్న పుట్టింది సీమలోనే గాని, పెరిగింది హైదరాబాదులో. సీమలోనే పెరిగినవాడు పిరికివాడు కావచ్చునని ఊహించడానికి అంత ధైర్యవంతులైన సినిమావాళ్లకు కూడా చేతులు రాలేదు. నాకు తెలిసిన సీమ మగవాళ్లలో సగంమంది బల్లిని చూస్తే మంచమెక్కుతారు.

సీమను సీమగా చూపడం ఒక్కటే సరిపోదన్నది ఇంకో ముడి. తెరమీది సీమ అంటే ఒకే ఒక్క పెద్ద ఇల్లు, ఒకే ఒక్క వర్గం, వందల ఎకరాలు. ధర్మవరం మగ్గాల మీద చీర నేసేవాళ్ల ఇంట్లో ప్రేమ పుట్టదా? కోసిగి, మంత్రాలయం వైపు నుంచి మిరప కోతలకు గుంటూరుకు వలసపోయే కుటుంబాల్లో, ఆ లారీ ప్రయాణాల్లో, చేనుగట్ల మీది గుడారాల్లో ఎంత సరసం నడుస్తుందో చూసినవాళ్లకు తెలుసు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడే కడప, కర్నూలు కుర్రవాళ్లు ప్రేమలేఖ ఏ భాషలో రాయాలా అని తికమకపడితే అది సగం సినిమా. వీళ్లెవరూ తెరమీద లేరు. రేపు ఎవరైనా సీమ ప్రేమహాస్యం తీసి అందులోనూ ఆ పెద్ద ఇంటి అబ్బాయినే కూర్చోబెడితే నా పరీక్ష నెగ్గుతుంది గాని నా ఫిర్యాదు తీరదు.

మరో సంగతి కూడా మనసులో మెదులుతూ ఉంటుంది. అంచున ఉన్న మనుషులకు సినిమా ప్రేమను ఇచ్చినా, నవ్వును ఇవ్వడానికి వెనకాడుతుంది. 2020లో వచ్చిన 'కలర్ ఫోటో'లో నల్లని అబ్బాయి, తెల్లని అమ్మాయి. మొదటి సగం పొట్టచెక్కలవుతుంది, చివరికి కళ్లు తుడుచుకుంటూ లేస్తాం. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది, రావలసిందే. కులం తక్కువైనా, రంగు తక్కువైనా ప్రేమికులు చచ్చి మనకు బుద్ధిచెప్పాలన్నది మన అలవాటైపోయింది. సుఖాంతం పైవాళ్ల ఆస్తి. నిజంలో హత్యలు జరుగుతున్న మాట వాస్తవమే, వాటిని చూపాలి. అలాగని పెద్దల్ని ఎదిరించి పెళ్లి చేసుకుని, ఇప్పుడు పాల ప్యాకెట్టు ఎవరు తేవాలని పోట్లాడుకుంటున్న కులాంతర జంటలు మా వీధిలోనే రెండున్నాయి. వాళ్ల కథ హాస్యమే.

ఈ అలవాటు తప్పించిన సినిమా 2018లో విశాఖ నుంచి వచ్చింది. 'కేరాఫ్ కంచరపాలెం'లో ఎక్కువమంది ఆ పేట మనుషులే నటించారు. పెళ్లికాని 49 ఏళ్ల అటెండరు, కూతురున్న అధికారిణి ప్రేమించుకుంటే ఊరు మూతి విరుస్తుంది, మనం నవ్వుతాం, ఆ ఇద్దరిలో ఎవరూ చావరు. 2021 నాటి 'సినిమా బండి' మాకు ఇంకా దగ్గరిది. ఆంధ్ర, కర్ణాటక సరిహద్దు పల్లెలో ఆటోలో దొరికిన కెమెరాతో ఊరివాళ్లు ప్రేమ సినిమా తీయబోతారు. మంగలి షాపువాడు నాయకుడు, కూరగాయలమ్మే మంగ నాయిక. మంగ వచ్చీరాగానే ఎవరికి లొంగుతుంది, తిట్టి పోస్తుంది. ఆ మాట హిందూపురం, మడకశిర వైపు చెవులకు ఇంట్లో మాటే. నా సీమ పరీక్షలో ఈ సినిమా పెరటి దోవన నెగ్గింది, పిచ్చి సంతోషమేసింది.

ఫ్యాక్షన్ నిజం కాదా అని ఎవరైనా అడుగుతారు. నిజమే. ఇక్కడ దాన్ని అనుభవించిన కుటుంబాలున్నాయి, వాళ్ల ముందు ఈ విషయం తేలిక చేయను. అయితే ఆ ఇళ్లలో కూడా పెళ్లిళ్లు జరిగాయి, బావలు మరదళ్లను ఆటపట్టించారు. ప్రేమకథలకు కోటాలేమిటి, కడుపుబ్బ నవ్విస్తే చాలదా అని ఇంకొకరు అడుగుతారు. నేను చెప్పేది కూడా నవ్వు గురించే. ప్రేమహాస్యానికి అడ్డంకి కావాలి. ఒకే ఆఫీసు, ఒకే జీతం, సొంత ఫ్లాట్లు ఉన్న ఇద్దరి మధ్య రచయిత ఎంతని అడ్డంకులు పుట్టిస్తాడు? చివరికి అపార్థాల మీద పడతాడు, ఒక్క ఫోను కొడితే తీరిపోయే అపార్థాల మీద. హాలీవుడ్‌కు కూడా ఇదే అనుభవం. 1934 నుంచి గట్టిగా అమలైన నియమావళి నల్లవారికి, తెల్లవారికి మధ్య ప్రేమను చాలాకాలం తెరమీద నిషేధించింది. ఎక్కువమంది ఆసియా మూలాలున్న నటులతో ఈ కాలపు కథ చెప్పిన పెద్ద స్టూడియో చిత్రం 1993 తర్వాత మళ్లీ 2018లో, 'క్రేజీ రిచ్ ఏషియన్స్'తో గాని రాలేదు. వచ్చాక డబ్బులు కురిశాయి. అత్త, కోడలు, ఇంటి పరువు అనే అడ్డంకులు మనకు పాతవే, వాళ్లకు కొత్త.

అడ్డంకులు కావాలంటే సీమకు రండి. ప్రేమకథలకు మాకెప్పుడూ కరువు లేదు, దేవుళ్లే సాక్షి. కడపలో దేవుని గడప వెంకటేశ్వరుడి గుడికి ఉగాది నాడు ముస్లిం కుటుంబాలు వస్తాయి. బీబీ నాంచారి తమ ఇంటి ఆడపడుచు, కాబట్టి స్వామి తమకు అల్లుడు. ఇల్లాలు అలిగిందా, అత్తింటివారు ఒప్పుకున్నారా అన్న పేచీలేవీ ఆ వరసకు అడ్డురాలేదు. అహోబిలంలో నరసింహస్వామి చెంచు పిల్లను చేసుకున్నాడు. అడవి వేటకత్తె ఆ దేవుడిని మాటలతో ఎలా ఆటపట్టించిందో యక్షగానాలు, చెంచు నాటకాలు తరతరాలుగా ఆడుతున్నాయి. కనుమ నాడు మొదలయ్యే పారువేటలో స్వామి పల్లకి ఎక్కి ఊరూరా తిరుగుతాడు, తన కల్యాణానికి రమ్మని అత్తింటివారిని పిలవడానికి. కులం కాని పిల్లను చేసుకుని, బామ్మర్దుల గడపలు తొక్కే అల్లుడు. వేరే మతం పిల్లను చేసుకుని, ఏడాదికోసారి అత్తింటి మర్యాదలు అందుకునే మరో అల్లుడు. సినిమావాళ్లు కథల కోసం ఎక్కడెక్కడికో వెళ్లి వస్తారు.

కిందటి నెల ఆదివారం రాత్రి అనంతపురంలో బెంగళూరు బస్సెక్కాను. సగం బస్సు అలాంటి కుర్రవాళ్లే, వారాంతానికి ఇంటికొచ్చి తిరిగి కొలువుకు పోయేవాళ్లు. ముందు సీటులో ఒక అబ్బాయి, ఒళ్లో ఊరగాయ సీసా పెట్టిన సంచి. నాలుగు వరసలు వెనక ఒక అమ్మాయి, కాళ్ల దగ్గర వేరుశనక్కాయల మూట. దించడానికి వచ్చిన పెద్దవాళ్లు కిటికీల దగ్గర నిలబడి ఉన్నంతసేపూ ఇద్దరూ ఎదురెదురు దిక్కులు చూశారు. బస్సు కదిలాక కూడా కదల్లేదు. ఎవరి మేనమామో, ఎవరి ఊరివాడో బస్సులో ఉండకపోడు. పెనుకొండ దాటి, కార్ల ఫ్యాక్టరీ దీపాలు వెనక్కి పోయాక అబ్బాయి లేచి సంచి పట్టుకుని వెనక్కి వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాడు. సీసా మూత సరిగ్గా బిగించలేదు. చొక్కా ముందు భాగమంతా ఎర్రగా నూనె కారి ఉంది. ఆమె ఫోను లైటు వేసి చూసి, ఒక్క క్షణం హడలిపోయి, వాసన పసిగట్టి, నోటికి చున్నీ అడ్డుపెట్టుకుని కొడికొండ దాకా నవ్వుతూనే ఉంది.